టెక్సాస్‌లో టీచరవ్వాలంటే మళ్ళీ బీఈడీ చదవాలా?

ప్రశ్న: మాది డల్లాస్ దగ్గర ఫ్రిస్కో. 2010లో జేఎన్‌టీయూ కింద ఒక కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ చేశాను. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు టెస్టింగ్‌లో పనిచేసి, పెళ్ళయ్యాక హెచ్‌4 మీద (హెచ్‌1 ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) ఇక్కడికొచ్చాను. ఇద్దరు పిల్లలు. ఈ మధ్యే ఈఏడీ, అంటే ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు, చేతికొచ్చింది. ఏదైనా ఐటీ కోర్సు చేసి ఉద్యోగంలో చేరమని మావారు, స్నేహితులు అంటున్నారు. నాకేమో బడిలో పాఠం చెప్పాలనుంది. ఆదివారాలు మనబడిలో పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను, వారం మొత్తంలో నాకు ఇష్టమైన పని అదే. బీఈడీ లేకుండా ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్‌తో టీచరవ్వచ్చని, ఇప్పుడు కొంచెం కట్టి మిగతాది ఉద్యోగం వచ్చాక కట్టొచ్చని ప్రకటనలు వస్తున్నాయి. ఇది నిజమేనా, మోసమా? ఏ సబ్జెక్టు తీసుకోవాలి? నా యాస విని పిల్లలు నవ్వుతారేమో అని కూడా భయంగా ఉంది. మా అత్తగారైతే "బీటెక్ చదివి పంతులమ్మవవుతావా?" అంటున్నారు.

జవాబు: నిజమేనండీ, మోసం కాదు. మళ్ళీ బీఈడీ చదవక్కర్లేదు. డిగ్రీ ఉన్నవాళ్ళు కొంత శిక్షణ తీసుకుని, పరీక్షలు పాసై, జీతం తీసుకుంటూనే ఒక విద్యా సంవత్సరం ఇంటర్న్‌గా పాఠాలు చెప్పి టీచరు సర్టిఫికెట్ సంపాదించుకునే పద్ధతి ఇది. 1980ల మధ్యలో న్యూజెర్సీలో, టెక్సాస్‌లో మొదలైంది. ఇప్పుడు టెక్సాస్‌లో యూనివర్సిటీలో టీచరు కోర్సు చదివి వచ్చినవాళ్ళకంటే ఈ దారిలో వచ్చినవాళ్ళే ఎక్కువ. చివర్లో చేతికొచ్చే స్టాండర్డ్ సర్టిఫికెట్ ఇద్దరికీ ఒకటే, ఇద్దరూ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాల్సిందే. నేనూ ఈ దారిలోనే వచ్చి మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతున్నాను కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో కాస్త తెలుసు.

ముందు ఒక సంగతి. మన దగ్గర టీచరు ఉద్యోగమంటే బీఈడీ, టెట్, ఆ తర్వాత డీఎస్సీ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు. ఒక్కసారి పోస్టింగ్ వచ్చిందా, రిటైరయ్యేదాకా ఢోకా లేదు. ఇక్కడ తలుపు తీయడం సులువు, లోపల నిలబడటమే కష్టం. సర్టిఫికెట్ ఇచ్చేది రాష్ట్రం, ఉద్యోగం ఇచ్చేది స్కూల్ డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. కాంట్రాక్టు ఏడాదికోసారి, మొదట్లో దాని పేరే ప్రొబేషనరీ. అందుకే ఏ ప్రోగ్రాంలో చేరాలన్నది నా దృష్టిలో పెద్ద ప్రశ్న కాదు. ఇరవై ఎనిమిది మంది పన్నెండేళ్ళ పిల్లల ముందు రోజుకు ఐదారు పీరియడ్లు నిలబడటం మీకు నచ్చుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మనబడిలో పది పన్నెండు మంది ఉంటారు, అమ్మానాన్నలు దింపి వెళతారు, ఎవరైనా అల్లరి చేస్తే సాయంత్రం వాట్సాప్‌లో వాళ్ళమ్మతో మాట్లాడితే సరిపోతుంది. అక్కడ మీకు దొరికిన ఆనందం నిజమైనదే, కానీ దాన్నిబట్టి ఇక్కడి బడిని అంచనా వేయకండి.

కాబట్టి ఎవరికీ ఒక్క డాలరు కూడా కట్టకముందు సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేరండి. మీ డిగ్రీ, ఈఏడీ, వేలిముద్రల తనిఖీ ఉంటే చాలు. రోజుకు వంద డాలర్లు, ఆ పైన కొంచెం ఇస్తారు. డబ్బు కోసం కాదులెండి. పొద్దున్నే యాప్‌లో ఖాళీలు కనిపిస్తాయి, మీకు వీలున్న రోజు తీసుకోవచ్చు. ఎలిమెంటరీ ఒకట్రెండు సార్లు చూసి, మిడిల్ స్కూల్ ఎక్కువగా తీసుకోండి, అందులోనూ శుక్రవారాలు. శుక్రవారం చివరి పీరియడ్ ఏడో తరగతి గదిలో నలభై ఐదు నిమిషాలు గడిపి బయటికొచ్చాక కూడా "మళ్ళీ వస్తాను" అనిపిస్తే మీవారితో వాదించడానికి అంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు. రెండు మూడు నెలలు ఇలా తిరిగితే ఏ స్కూల్లో ప్రిన్సిపాల్ ఎలాంటివారో కూడా తెలుస్తుంది. వాళ్ళకూ మీరు తెలుస్తారు, రేపు ఉద్యోగాల వేళ అదే పనికొస్తుంది.

ఇక కాగితాల పని. మీ బీటెక్ నాలుగేళ్ళది కాబట్టి ఇబ్బంది లేదు. (ఇది చదువుతున్న బీఎస్సీ, బీకామ్ వాళ్ళకు: మూడేళ్ళ డిగ్రీని కొన్ని ఎవాల్యుయేషన్ సంస్థలు, అంటే బయటి దేశాల డిగ్రీలు ఇక్కడ దేనికి సమానమో తేల్చేవి, ఇక్కడి బ్యాచిలర్స్‌కు సమానంగా లెక్కించవు. పైన ఎమ్మెస్సీయో ఎంసీఏయో ఉంటే దాన్నీ కలిపి పంపండి.) టెక్సాస్ విద్యాశాఖ, అంటే టీఈఏ, ఏయే ఎవాల్యుయేషన్ సంస్థలను గుర్తిస్తుందో దాని వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. వాటిలో ఒకదాని చేత "కోర్స్ బై కోర్స్" ఎవాల్యుయేషన్ చేయించండి. వీసా పనికో మరోదానికో చేయించుకున్న పాత రిపోర్టులో కేవలం "బ్యాచిలర్స్‌కు సమానం" అని ఒక ముక్క ఉంటుంది, అది పనికిరాదు.

కోర్సులవారీగా ఎందుకంటే, ప్రోగ్రాంలో చేరాలంటే మీరు చెప్పబోయే సబ్జెక్టులో కనీసం 12 సెమిస్టర్ క్రెడిట్లు చూపించాలి. లెక్కలో సైన్సో ఏడో తరగతి, ఆ పైన చెప్పాలంటే 15. మీకు కంప్యూటర్ డిగ్రీ కదా, లెక్కల్లో క్రెడిట్లు ఎక్కడివి అనుకుంటారేమో. మీ మార్కుల మెమోలు తీసి చూడండి. మొదటి ఏడాది ఎం-1 (మ్యాథ్స్-1), తర్వాత ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్, మ్యాథమేటికల్ ఫౌండేషన్స్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్, న్యూమరికల్ మెథడ్స్ లాంటివి కనిపిస్తాయి. ఎం-1 తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కినా సరే, క్రెడిట్ క్రెడిటే. అవన్నీ కలిపితే 15 వచ్చినా రావచ్చు. ఒకటో రెండో తగ్గితే ప్యాక్ట్ అని ప్రవేశానికి ముందు రాసే సబ్జెక్టు పరీక్ష ఉంది, అది పాసైతే క్రెడిట్ల లెక్క అడగరు. జీపీఏ 2.5 ఉండాలి. మన అరవై శాతం చూసి బెంబేలెత్తకండి, ఎవాల్యుయేషన్లో సాధారణంగా అది దాటుతుంది. డిగ్రీ ఇండియాది కాబట్టి ఇంగ్లీషు ప్రావీణ్యానికి రుజువు అడుగుతారా, టోఫెల్ రాయాలా అన్నది ప్రోగ్రాం వాళ్ళను ఫీజు కట్టకముందే, ఈమెయిల్‌లో, లిఖితపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

సబ్జెక్టు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: లెక్కలు, నాలుగు నుంచి ఎనిమిది తరగతులు. మన ఆడవాళ్ళలో చాలామంది చిన్నపిల్లలంటే ముద్దుగా ఉంటారని ఎలిమెంటరీ వైపు వెళతారు. ఎలిమెంటరీ సర్టిఫికెట్‌కు అన్ని సబ్జెక్టులూ కలిపిన పరీక్షతో పాటు 2021 నుంచి సైన్స్ ఆఫ్ టీచింగ్ రీడింగ్ అనే పరీక్ష కూడా తప్పనిసరి. ఇంగ్లీషు చదవడం నేర్పే విధానం, అక్షరాల శబ్దాలు, అదంతా ఒక శాస్త్రం. మనం తెలుగు గుణింతాలతో చదవడం నేర్చుకున్నవాళ్ళం, అది మొదటినుంచీ నేర్చుకోవాలి. పైగా ఆ ఉద్యోగాలకు పోటీ ఎక్కువ. లెక్కల టీచర్ల కొరత మాత్రం ఏ ఏడాదీ తీరింది లేదు. కంప్యూటర్ సైన్స్ మీ డిగ్రీకి దగ్గరే, కానీ హైస్కూలుకు ఒకటో రెండో పోస్టులుంటాయి, దాన్ని రెండో సర్టిఫికెట్‌గా తర్వాత కలుపుకోండి. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఖాళీలు బోలెడు, అడగ్గానే ఉద్యోగం ఇస్తామంటారు. కేవలం ఖాళీ ఉంది కదా అని అందులోకి వెళ్ళకండి. ప్రతి పిల్లకూ చట్టప్రకారం రాయాల్సిన ప్రణాళికలు, సమావేశాలు, గడువులు ఉంటాయి. మనసులో ఆ పని మీదే ఇష్టం ఉన్నవాళ్ళు చేయాల్సిన పని అది.

పరీక్షల పేరు టెక్సెస్. ఒకటి సబ్జెక్టుది, ఇంకొకటి బోధనా పద్ధతులది, దాన్ని పీపీఆర్ అంటారు. 300కి 240 రావాలి. ఒక్కో పరీక్షకు నూరు డాలర్ల పైచిలుకు ఫీజు, మొత్తం మీద ఐదు సార్లకు మించి రాయనివ్వరు, మధ్యలో 30 రోజుల ఎడం. మిడిల్ స్కూల్ లెక్కల్లో మీకు లెక్కలు కష్టం కావు. ఏడో తరగతి పిల్ల భిన్నాల్లో ఎక్కడ పొరపాటు పడింది, దానికి టీచరుగా ఏం చేస్తారు అని అడుగుతారు, అక్కడే మనవాళ్ళు తడబడతారు. సబ్జెక్టు పరీక్ష పాసై, నియమాల ప్రకారం ముందుగా చేయాల్సిన శిక్షణ గంటలు, బళ్ళో కూర్చుని తరగతులు గమనించే గంటలు పూర్తిచేస్తే ఉద్యోగాలకు వెళ్ళవచ్చు. ఉద్యోగం వచ్చాక ఏడాదికి ఇంటర్న్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ ఏడాది జీతం మామూలు టీచరు జీతమే. డల్లాస్ చుట్టూ పెద్ద డిస్ట్రిక్టుల్లో మొదటి ఏడాదికి అరవై వేల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఇప్పుడు ఆ ప్రకటనల సంగతి. మొదట కట్టేది కొద్దిగానే, కానీ మొత్తం ఫీజు నాలుగు నుంచి ఏడు వేల డాలర్ల దాకా ఉంటుంది, ఉద్యోగం వచ్చాక నెలనెలా కట్టాలి. మధ్యలో మానేసినా బాకీ పోదు. ఒప్పందం సంతకం చేసేముందు ఆ పేరా వెతికి చదవండి. రాష్ట్రంలోని ఒక పెద్ద ప్రైవేటు ప్రోగ్రాం అభ్యర్థులకు చెప్పిన మాటకూ ఇచ్చిన శిక్షణకూ పొంతన లేదని కొన్నేళ్ళ కిందట టీఈఏ తనిఖీలో తేలి పెద్ద గొడవే అయింది. అందుకే ప్రతి ప్రోగ్రాం హోదా టీఈఏ సైట్లో చూసుకోండి, "అక్రెడిటెడ్" పక్కన "వార్న్‌డ్" అనో "ప్రొబేషన్" అనో ఉంటే ఆలోచించండి. నేనైతే మీకు ఆన్‌లైన్ ప్రకటనలకంటే దగ్గర్లోని వాటినే చెబుతాను: రిచర్డ్‌సన్‌లోని రీజియన్ 10 సర్వీస్ సెంటర్, యూటీ డల్లాస్‌లోని టీచర్ డెవలప్‌మెంట్ సెంటర్. ఎందుకంటే ఇంటర్న్‌షిప్‌లో మీ క్లాసుకు వచ్చి కూర్చుని గమనించే ఫీల్డ్ సూపర్‌వైజర్ ఎవరన్నదే ఫీజులో అసలైన విలువ. ఆమె మీ ప్రాంతపు బడుల్లో పాతికేళ్ళు పనిచేసి రిటైరైన మనిషైతే అదృష్టం. వీడియో పంపితే చూసి నాలుగు మాటలు రాసే మనిషైతే ఆ డబ్బు దండగ.

"సర్టిఫికెట్ లేకుండానే తీసుకుంటున్నారట కదా" అని ఎవరో ఒకరు మీతో అనే ఉంటారు. మొన్నమొన్నటిదాకా నిజమే. 2023-24లో టెక్సాస్‌లో కొత్తగా చేరిన టీచర్లలో సుమారు మూడోవంతు మందికి సర్టిఫికెట్ లేదు. 2025లో హెచ్‌బీ 2 చట్టం వచ్చి ముఖ్య సబ్జెక్టుల్లో దానికి దశలవారీగా అడ్డుకట్ట వేసింది. అదే చట్టం మూడేళ్ళు దాటిన టీచర్లకు అదనంగా డబ్బిస్తోంది. 5,000 మందికి మించి పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో 3, 4 ఏళ్ళ అనుభవానికి 2,500 డాలర్లు, ఐదేళ్ళు నిండితే 5,000. దొడ్డిదారి మూసుకుపోతోంది కాబట్టి సర్టిఫికెట్‌తో వచ్చేవాళ్ళకు ఇది మంచి సమయమే.

అయితే ఫ్రిస్కోలోనే, పిల్లల బడిలోనే ఉద్యోగం కావాలని పట్టుబట్టకండి. ఫ్రిస్కో, ప్లేనోల్లో పిల్లల సంఖ్య తగ్గుతోంది. ప్లేనో 2025లో నాలుగు బడులు మూసేసింది. ఇళ్ళు లేస్తున్నది ప్రాస్పర్, సెలీనా, ప్రిన్స్‌టన్ వైపు, బడులూ అటే కడుతున్నారు. అరగంట డ్రైవింగ్‌కు సిద్ధపడితే అవకాశాలు చాలా పెరుగుతాయి.

మొదటి ఏడాది గురించి ఎవరూ సరిగా చెప్పరు, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను. గంట మోగింది, పిల్లలు లోపలికొచ్చారు. ఇంకా హాజరు తీసుకోలేదు. ఒకడి క్రోమ్‌బుక్‌లో ఛార్జింగ్ లేదు. ఒకమ్మాయికి బాత్రూం పాస్ కావాలి. ఇద్దరు పోయిన వారమే హోండురాస్ నుంచి వచ్చారు, ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. ఒకడికి 504 ప్లాన్ (వైకల్యమో ఆరోగ్య సమస్యో ఉన్న పిల్లలకు బడి చేయాల్సిన ఏర్పాట్ల పత్రం) ఉంది, ముందు వరసలో కూర్చోబెట్టి పరీక్షకు ఎక్కువ సమయం ఇవ్వాలి, మరిచిపోతే అది చట్టంతో వ్యవహారం. వెనక ఒకడు హుడీ ముఖం మీదికి లాక్కుని తల బల్లమీద పెట్టేశాడు. వాణ్ణి అందరిముందూ లేపితే తిరగబడతాడు, వదిలేస్తే రేపు నలుగురు పడుకుంటారు. నడుచుకుంటూ వెళ్ళి, పాఠం ఆపకుండా, బల్లమీద రెండు వేళ్ళతో మెల్లగా తట్టి ముందుకు సాగిపోవాలి. ఇది ఏ ఆన్‌లైన్ మాడ్యూల్లోనూ ఉండదు, పక్క గదిలోని పాత టీచరును చూసి నేర్చుకోవాలి. 2025 నుంచి బడి వేళల్లో ఫోన్లు నిషేధించారు కాబట్టి ఒక్క తలనొప్పి మాత్రం తగ్గింది. సాయంత్రం ఇంటికొచ్చాక మీ ప్రోగ్రాం అసైన్‌మెంట్లు, మర్నాటి లెసన్ ప్లాను, ఆపైన తల్లిదండ్రుల ఈమెయిళ్ళు. "మావాడికి 96 ఎందుకు, 100 ఎందుకు రాలేదు" అని రాత్రి పదకొండింటికి రాసేది చాలాసార్లు మనవాళ్ళే, ముందే చెబుతున్నాను. ఆ ఏడాది ఇంట్లో వంట, పిల్లల క్లాసులకు దింపడం, ఇవన్నీ మీరే చేస్తానంటే కుదరదు. మీవారితో మాట్లాడాల్సింది "టీచరా, ఐటీయా" అని కాదు, ఆగస్టు నుంచి మే దాకా సాయంత్రాలు ఎవరు ఏం చూసుకుంటారన్నది.

వీసా సంగతి చివర్లో చెబుతున్నా తక్కువది కాదు. ఇంటర్న్‌షిప్ అంటే జీతమొచ్చే ఉద్యోగం, ఈఏడీ లేకుండా ఒక్కరోజు కూడా చేయకూడదు. ఇదివరకు రెన్యువల్‌కు పెట్టి ఉంటే పాతది దానంతటదే పొడిగించినట్టు లెక్క. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే దరఖాస్తులకు ఆ వెసులుబాటు తీసేశారు. గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు పెట్టవచ్చు, ఆ మొదటిరోజే పెట్టేయండి. మీ ఈఏడీ తేదీ విద్యా సంవత్సరం మధ్యలో పడుతుంటే మీ అటార్నీతో మాట్లాడి, అవసరమైతే ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది వెనక్కి జరపండి. ఆ ఏడాది సబ్‌స్టిట్యూట్‌గా గడిచినా నష్టమేమీ లేదు. ఇంకొకటి, ఇక్కడ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాక బడి తెరిచే రోజుకు 45 రోజుల ముందు వరకే ఇష్టమొచ్చినట్టు రాజీనామా చేయవచ్చు. ఆ తర్వాత వదిలేసి వెళితే సర్టిఫికెట్ మీద చర్య తీసుకుంటారు. భర్త ఉద్యోగం మారి వేరే ఊరికి వెళ్ళాల్సి వస్తే దాన్ని సరైన కారణంగా నియమాల్లోనే ఒప్పుకున్నారు. హెచ్‌1 కుటుంబాలకు ఇది గుర్తుంచుకోవాల్సిన నియమం, రాజీనామా లేఖలో ఆ కారణం స్పష్టంగా రాయాలి.

జీతంలోంచి 8.25 శాతం టీచర్ల పెన్షన్‌కు పోతుంది. చాలా డిస్ట్రిక్టుల్లో సోషల్ సెక్యూరిటీ, అంటే కేంద్ర ప్రభుత్వ పెన్షన్ పథకానికి, కట్టరు, కాబట్టి ఆ పెన్షన్‌కు కావాల్సిన 40 క్రెడిట్ల లెక్క మీకు పెరగదు. పెన్షన్ హక్కు రావాలంటే ఐదేళ్ళు చేయాలి. ఐటీ జీతంతో పోల్చి చూసేటప్పుడు మీవారు ఇది తప్పకుండా అడుగుతారు, తెలిసి ఉండండి.

యాస గురించి. మొదటి వారం నవ్వుతారు, ఎవరో ఒకరు అనుకరిస్తారు కూడా. రెండో వారానికి వాళ్ళకు అలవాటైపోతుంది. యాసకంటే ఇబ్బంది పెట్టేవి మన లెక్కల మాటలు. మనం "త్రీ ఇంటూ ఫైవ్" అంటే గుణకారం. ఇక్కడి పిల్లలకు "త్రీ ఇంటూ ఫిఫ్టీన్" అంటే పదిహేనుని మూడుతో భాగించడం. గుణకారానికి "టైమ్స్" అనాలి. Z అక్షరం జెడ్ కాదు జీ, బ్రాకెట్లు కాదు పేరెంథసీస్, బోడ్‌మాస్ కాదు పెమ్‌డాస్, హెచ్‌సీఎఫ్ కాదు జీసీఎఫ్. సబ్‌స్టిట్యూట్‌గా తిరిగే రోజుల్లో చెవులు రిక్కించి ఇవి పట్టుకోండి. ఇంటర్వ్యూలో డెమో పాఠం అడిగినప్పుడు ఒక్క "ఇంటూ" నోరు జారితే పిల్లలకంటే ముందు ప్రిన్సిపాల్ ముఖం చిట్లిస్తారు.

అత్తగారికి ఇప్పుడే ఏమీ సర్దిచెప్పకండి. జులైలో పిల్లలతో పాటు మీకూ సెలవులుంటాయని, ఇండియాకు వచ్చి నెలరోజులు ఉండొచ్చని తెలిశాక ఆవిడే మీ పక్షం వస్తారు.

డిస్ట్రిక్టుల జాబ్ ఫెయిర్లు ఎక్కువగా వసంతంలో జరుగుతాయి, బడులు ఆగస్టు మధ్యలో తెరుస్తారు. వచ్చే ఆగస్టుకు క్లాసులో ఉండాలంటే మార్చిలోపు సబ్జెక్టు పరీక్ష పాసై ఉండాలి. అంతకుముందు ప్రోగ్రాం, దానికి ముందు ఎవాల్యుయేషన్, దానికీ ముందు జేఎన్‌టీయూ ట్రాన్‌స్క్రిప్టులు. అన్నిటికంటే ఆలస్యమయ్యేది ఆ చివరిదే. మీ మెమోలన్నీ స్కాన్ చేసి, ఊళ్ళో ఉన్న తమ్ముడికో నాన్నగారికో పంపి ఈ వారమే దరఖాస్తు పెట్టించండి.